కువైట్ నుంచి వచ్చిన స్ట్రాటోకాస్టర్: ఏ భాగం దాంతో పుట్టింది, ఏది తర్వాత చేరింది

కడప నుంచి తొలి బస్సుకు వచ్చిన కుర్రాడు నేను షట్టరెత్తకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పొడుగాటి నల్ల పెట్టె, దాని చుట్టూ దుప్పటి, దుప్పటి మీద నులక తాడు. విప్పడానికే పది నిమిషాలు పట్టింది. లోపల సన్‌బర్స్ట్ రంగు ఫెండర్ స్ట్రాటోకాస్టర్, అమెరికా ఎలక్ట్రిక్ గిటారు; హెడ్‌స్టాక్, అంటే శ్రుతి కీలుండే తల, పెద్దది. అనంతపురంలో ఇరవై రెండేళ్లుగా గిటార్లు, కీబోర్డులు, అప్పుడప్పుడు హార్మోనియంలు బాగుచేస్తున్నాను. ఈ వయసు స్ట్రాట్ నా బల్ల మీదకు రావడం ఇది మూడోసారి.

"బెంగళూరులో ఒకాయన తీసుకుంటానన్నాడన్నా. సామాన్లన్నీ ఒరిజినలేనని తెలిసినోళ్ల చేత రాయించుకొని రమ్మన్నాడు. నువ్వు రాసిస్తే ఆయప్ప నమ్ముతాడంట."

"చూడకుండా ఎట్ల రాసేది తమ్ముడూ?"

"చూసేదేముందన్నా. మా నాయన దీంట్లో ఒక్క స్క్రూ గూడ ముట్టుకోల్యా. గుడ్డతో తుడిసి పెట్టేసేవాడు, అంతే."

వాళ్ల నాయన కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి పెద్దకొడుకు అమెరికాలో చదువుకుని వస్తూ ఈ గిటారు తెచ్చుకున్నాడు. మోజు తీరాక డ్రైవరుకిచ్చేశాడు. ఆయన 1988లో సెలవుకు వస్తూ కడపకు తెచ్చి పెట్టాడు. మళ్లీ వెళ్లాడు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగాక, జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా రోడ్డు మీద, అక్కడి నుంచి ఎయిరిండియా విమానంలో, కట్టుబట్టలతో తిరిగొచ్చాడు. రెండేళ్ల ముందే తెచ్చిపెట్టబట్టి గిటారు దక్కింది. ఆయన పోయి ఏడాదైంది.

పెట్టె తెరవగానే నేను భాగాల మీది పేర్లు చదవను. పేరు అచ్చుగుద్దించిన సామాను ఇవాళ ఎవరైనా కొనుక్కోవచ్చు. పాతబడినట్టు కనిపించడానికి వెనిగర్ ఆవిరిలోనో ఫెర్రిక్ క్లోరైడ్‌లోనో పెట్టి చిలుము పట్టించి అమ్మేవాళ్లూ ఉన్నారు. అలాంటి చిలుము అంతటా ఒకేలా ఉంటుంది, చెయ్యి తగలని సందుల్లో కూడా. నిజంగా వాడిన సామానుకు దిక్కు ఉంటుంది: అరచెయ్యి ఆనేచోట పూత పోతుంది, ఆనని చోట మిగులుతుంది. దానికంటే గట్టి సాక్ష్యం కింద ఉంటుంది. భాగం కూర్చున్న గూడు, అంటే చెక్కలో దాని అచ్చు, స్క్రూ రంధ్రం, పూత మీద నీడ. ఆ గూడుతో భాగం సరిపోవాలి. ఈ కేసులో నన్ను రెండుసార్లు తప్పు దారి పట్టించింది భాగాలే. దారికి తెచ్చింది గూళ్లు.

మొదటిది నెక్ ప్లేటు. బాడీ వెనక నెక్‌ను, అంటే పొడవాటి మెడను, నాలుగు స్క్రూలతో బిగించే ఇనుప పలక ఇది. దీని మీద పెద్ద ఎఫ్ అక్షరం, 1తో మొదలయ్యే ఆరంకెల నెంబరు. 1965 జనవరిలో సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థ వాళ్లు ఫెండర్ కంపెనీని కొన్నారు. ఆ తర్వాత ఏడాది తిరిగేలోపే ఈ ఎఫ్ ప్లేట్లు, ఆ వెంటే పెద్ద హెడ్‌స్టాక్‌లు వచ్చాయి. 1976 నుంచి నెంబరు హెడ్‌స్టాక్ మీదికి మారింది. అంతవరకూ లెక్క సరే. కానీ ప్లేటు తళతళలాడిపోతోంది. గిటారు మీద మిగతా లోహమంతా మసకబారి ఉంటే ఇదొక్కటి నిన్న పెట్టెలోంచి తీసినట్టుంది. నాలుగు స్క్రూలు విప్పితే ఊడివచ్చే ప్లేటును మార్చడం ఎంత పని? నెంబరు చూసి కొనేవాళ్ల కోసమే ఎవరో మార్చి ఉంటారని మనసులో రాసేసుకున్నాను.

"ఈ ఒక్కటీ ఇంత తెల్లగుందేం?" అని అడిగితే కుర్రాడు నవ్వాడు.

"మాయమ్మ తోమిందన్నా. దీపం కుందులు తోమేటప్పుడు దీన్ని గూడ చింతపండేసి తోముతాండె. నాయన కసురుకుంటాండె."

ప్లేటు విప్పి కంటి అద్దం పెట్టి చూశాను. ఈ అద్దం టవర్ క్లాక్ దగ్గర గడియారాల రిపేరు మానేసిన పెద్దాయన ఇచ్చింది, నా సామాన్లలో దానికంటే విలువైనది లేదు. ఎఫ్ అక్షరం గాడిలో నల్లటి పాత మురికి అలాగే ఉంది. చింతపండు అక్కడిదాకా పోలేదు. ప్లేటు కింద బాడీ రంగులో దాని అంచులు దిగిన గాడి ఉంది. తిరిగి పెడితే వెంట్రుక కూడా పట్టనంతగా కూర్చుంది. ఒక మూల కొంచెం వంకర ఉంటే రంగులోనూ అదే వంకర. ఎన్నో ఏళ్లు ఒకే ప్లేటు ఒకేచోట బిగిసి ఉంటేనే అలా దిగుతుంది. ప్లేటు దీనిదే. మొదటి అనుమానం కొట్టేశాను.

నెక్ ఊడదీశాం కాబట్టి దాని మడమ, అంటే బాడీలో కూర్చునే చివర, చూశాను. సిరా ముద్ర: అక్టోబర్ 66, చివర బి అక్షరం. బి అంటే నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) దగ్గర నెక్ వెడల్పు ఒక అంగుళం మీద ఎనిమిదింట అయిదు వంతులు. మామూలుగా వచ్చే కొలత అదే. ఆ ముద్ర నెక్ తయారైన కాలం చెబుతుంది, గిటారు బిగించిన రోజు కాదు. కానీ మిగతా లోహాన్ని కొలవడానికి ఒక మేకు దొరికింది.

ఇక ట్యూనింగ్ కీలు. కేసంతా ఇక్కడే తేలింది.

వెనక ఆరు కీలూ క్లూసన్ కంపెనీ డీలక్స్ రకం, మూత మీద పేరు రెండు వరుసలుగా ఉన్నవి. ఈ కీల మూతల మీద మొదట్లో పేరుండేది కాదు. 1950ల నడిమి తర్వాత నిలువుగా ఒక వరుసలో వచ్చింది, 1964 ప్రాంతంలో రెండు వరుసలైంది. 1967, 68 నాటికి ఫెండర్ తన ఎఫ్ గుర్తున్న కీలకు మారిపోయింది. కాబట్టి 66 గిటారుకు రెండు వరుసల క్లూసన్ ఉండటం పంచాంగం చూసి పెట్టినట్టు సరిపోయింది. బెంగళూరు ఆయనకు ఫోటో పంపితే ఇంతకుమించి అడగకపోవచ్చు.

నాకు నచ్చనిది ముందువైపు. తీగ చుట్టే కడ్డీ హెడ్‌స్టాక్‌లోంచి బయటికొచ్చేచోట చిన్న గుండ్రటి బుష్ ఉంటుంది. దాని అంచు కొంచెం వెడల్పుగా, బలిసినట్టు కనిపించింది. వెర్నియర్ పెట్టాను. ఒక బుష్‌ను చెక్కపుల్లతో మెల్లగా వెనక నుంచి నెట్టి తీశాను. రంధ్రం 10 మి.మీ. ఉంది. క్లూసన్ కోసం ఫ్యాక్టరీలో వేసే రంధ్రం అంగుళంలో ముప్పై రెండింట పదకొండు వంతులు, అంటే 8.7 మి.మీ. చెక్క లోపలి గోడ లేతగా ఉంది, డ్రిల్లు చుట్ల గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఎవరో పెద్దది చేశారు. పెద్ద రంధ్రంలో పాత తరహా కీ నిలవడానికి అమ్మే మార్పిడి బుష్ ఇది. ఎప్పుడూ మారని గిటారుకు ఆ బుష్‌తో పనే ఉండదు.

కీలన్నీ విప్పాక హెడ్‌స్టాక్ వెనక రెండు నీడలు బయటపడ్డాయి. లక్క పూత వెలుతురు తగిలినచోట పసుపెక్కుతుంది, మూసి ఉన్నచోట పాలిపోయి ఉంటుంది. ఒక నీడ పొడవాటి సూటి పట్టీ. స్ట్రాట్ మీద క్లూసన్ ప్లేట్లు ఒకదానికొకటి ఆనుకుని, నడిమి స్క్రూలను పంచుకుంటాయి. ఆరు కీలకు ఏడే స్క్రూలు. ఆ ఏడు రంధ్రాలూ పాతవి, సరైన చోట ఉన్నవి. అంటే ఫ్యాక్టరీ నుంచి ఇది క్లూసన్‌తోనే బయటికొచ్చింది. రెండో నీడ ఆరు గుండ్రటి మచ్చలు, మొదటిదానికంటే స్పష్టంగా. ఒక్కో మచ్చ పక్కన ఒక సన్న రంధ్రం, అందులో అగ్గిపుల్ల లాంటిది కుక్కి రంగు రాశారు. ఇది జర్మనీ షాలర్ కీల అచ్చు. 1970ల్లో గిటారు ఊరికే శ్రుతి తప్పుతోందని పాత క్లూసన్లు పీకి షాలర్లు వేయించడం చాలామంది చేసిన పని. దానికి కావాల్సిన రంధ్రమే 10 మి.మీ.

కుర్రాడు ఒప్పుకోలేదు. "అట్లయితే నాయనకు తెలీకుండా మారిండాదా?" అని ఫోన్‌లో ఒక ఫోటో తెరిచి చూపించాడు. వాళ్లింట్లో దండ వేసిన పటమే అది. 1985లో కువైట్‌లో తీసింది, నాయన ఇదే గిటారు పట్టుకుని నిలబడ్డాడు. వెనకవైపు కనిపించదు కదా అన్నాడు. కనిపించక్కర్లేదు. హెడ్‌స్టాక్ ముందువైపు పెద్దది చేసి చూపించాను: కడ్డీల చుట్టూ ఆరు మూలల నట్లు. క్లూసన్‌కు ముందు నట్టు ఉండదు, గుండ్రటి బుష్‌ను చెక్కలోకి నొక్కుతారు. షాలర్‌కు మరచుట్లున్న నట్టును ముందు నుంచి బిగిస్తారు. ఫోటోలో కళ్లకు కనబడుతున్న ఆరు మూలలు అవే.

అంటే 1985కు ముందే షాలర్లు వచ్చాయి, తర్వాత ఎప్పుడో అవి పోయి ఇప్పుడున్న క్లూసన్లు చేరాయి. పాత క్లూసన్లతో పోలిస్తే వీటి మూతల అంచులు పదునుగా ఉన్నాయి, పూత మీద ఆ వయసు నికెల్‌కు పట్టే పాల మసక లేదు. ఈ పాత నమూనాను 1990ల నుంచి మళ్లీ తయారు చేస్తున్నారు. కుర్రాడు కాసేపు ఆలోచించి 2012లో వాళ్లక్క పెళ్లి గుర్తుచేసుకున్నాడు. పాటల పార్టీలో వచ్చిన ఒకతను గిటారు చూసి ముచ్చటపడి, నెలరోజులు తీసుకుపోయి, సర్వీసు చేయించి తెచ్చిచ్చాడట. మోసమని నేననను. పాత రూపం తెప్పించాలనే చేసి ఉంటాడు, పని కూడా శుభ్రంగా ఉంది. ఊడదీసిన షాలర్లు ఎటుపోయాయన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు. రిపేరుకు ఇచ్చినప్పుడు పీకిన సామాను పొట్లం కట్టి తిరిగి అడగాలని మనవాళ్లకు తోచదు, స్కూటరు మెకానిక్ దగ్గర మాత్రం పాత ప్లగ్గు కూడా అడిగి తీసుకుంటాం.

బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర నేను రెండో తప్పు చేశాను.

అయస్కాంతం పరీక్ష ముందు. పాత స్పీకర్‌లోంచి తీసిన చిన్న ముక్క నా దగ్గర ఉంటుంది. 1971 చివర నుంచి ఫెండర్ బ్రిడ్జినీ కింది దిమ్మెనూ జింకు మిశ్రమంతో పోతపోయించడం మొదలుపెట్టింది, దానికి అయస్కాంతం పట్టదు. అంతకుముందు ఉక్కు పలక, ఉక్కు దిమ్మె. ఇక్కడ రెండూ గట్టిగా పట్టాయి. బిగింపు స్క్రూల వరుస ఈ చివర నుంచి ఆ చివరకు 56 మి.మీ.కు కాస్త పైన, ఫెండర్ కొలతే. ఒక్కో తీగను మోసే ఆరు శాడిళ్లూ రేకు వంచి చేసినవి, ఒక్కోదాని మీద ఫెండర్ పేరు, కింద పేటెంట్ పెండింగ్ అన్న పొడి అక్షరాలు. లావు తీగల వైపు శాడిళ్లు బాగా తుప్పు పట్టాయి. అరచెయ్యి ఆనేది అక్కడే, పైగా కువైట్ సముద్రపు గాలి. మా అనంతపురం పొడి గాలికి ఇంత తుప్పు యాభై ఏళ్లయినా రాదు.

ఒక్కో శాడిల్ ఎత్తు సవరించడానికి రెండు చిన్న గ్రబ్ స్క్రూలు, తల లేనివి, ఉంటాయి. వాటికి అంగుళం కొలత అలెన్ కీ కావాలి, 0.050 అంగుళం, అంటే 1.27 మి.మీ. నాలుగు శాడిళ్లలో అది చక్కగా దిగింది. సన్న తీగల వైపు చివరి రెండింట్లో వదులుగా తిరిగింది. 1.5 మి.మీ. కీ పెడితే అచ్చంగా పట్టింది. మెట్రిక్ స్క్రూలు! జపాన్, కొరియా నకళ్లలో ఉండేవి. ఈ రెండు శాడిళ్లు నకలు అని కాగితం మీద రాసేశాను కూడా.

రాశాక మనసొప్పలేదు. ఆ రెండింటి కింద బ్రిడ్జి పలక మీద స్క్రూ మొనలు దిగిన గుంటలు మిగతావాటికి మల్లేనే లోతుగా, అదే వరుసలో ఉన్నాయి. తుప్పు కూడా శాడిల్ మారిన చోట తెగినట్టు లేదు, ఒకదాన్నుంచి ఒకదానికి పల్చబడుతూ పోయింది. విప్పి రంధ్రాల్లోని మరలు చూడాలి. దానికి నా దగ్గరున్న పనిముట్టు చూసి అందరూ నవ్వుతారు. పాత కంప్యూటర్ మానిటర్ వీజీఏ కేబుల్ చివర వేళ్లతో తిప్పే రెండు స్క్రూలుంటాయి కదా, వాటి మర అమెరికా కొలత 4-40. ఫెండర్ శాడిల్ గ్రబ్ స్క్రూల మర కూడా అదే. అనంతపురం హార్డ్‌వేర్ షాపులన్నీ తిరిగినా 4-40 దొరకదు, పాత సామాన్ల అంగట్లో వీజీఏ కేబుళ్లు మాత్రం కిలోల లెక్కన ఉంటాయి.

నాలుగు శాడిళ్లలో ఆ స్క్రూ వేలితోనే లోపలికి నడిచింది. అనుమానం వచ్చిన రెండింట్లో ఒక చుట్టూ అరా తిరిగి ఆగింది. అద్దం కింద చూస్తే తెలిసింది: రంధ్రంలో ఒకదాని మీద ఒకటి రెండు మరలు. కింద పాత 4-40 చుట్లు, వాటిని కొరుక్కుంటూ పోయిన 3 మి.మీ. మెట్రిక్ చుట్లు. 4-40 స్క్రూ లావు 2.84 మి.మీ. కాబట్టి 3 మి.మీ. స్క్రూను కాస్త బలవంతం చేస్తే ఎక్కుతుంది, ఎక్కేటప్పుడు పాత మరను తినేస్తుంది. నకలు శాడిల్ అయితే మొదటి నుంచీ మెట్రిక్ మర ఒక్కటే ఉండేది. ఈ శాడిళ్లు గిటారుతో పుట్టినవే. ఎవరో పాత స్క్రూలు పోగొట్టుకుని, దొరికినవి తెచ్చి బిగించారు. కాగితం చింపి మళ్లీ రాశాను: శాడిళ్లు ఆరూ అసలువి, నాలుగు గ్రబ్ స్క్రూలు తర్వాతివి, రెండు శాడిళ్ల మర దెబ్బతింది.

ట్రెమెలో చెయ్యి, అంటే బ్రిడ్జిని ఊపి స్వరం వణికించే కడ్డీ, పెట్టె జేబులో ఉంది. దిమ్మెలోని మర 10-32. ఈ చెయ్యి 6 మి.మీ. లావు, అసలు దూరనే లేదు. వేరే గిటారుది. బలవంతంగా తిప్పనందుకు వాళ్ల నాయనకు దండం పెట్టుకున్నాను.

ముందువైపు మూతలా ఉండే పిక్‌గార్డ్ విప్పి లోపల చూడటంలో ఒక కట్టడి పెట్టుకున్నాను. సోల్డరింగ్ ఐరన్ వేడి చేయను. ఫ్యాక్టరీ అతుకు మీద కొత్త సీసం పడితే దాని సాక్ష్యం అక్కడితో సరి. పాట్‌ల (వాల్యూమ్, టోన్ గుండీల కింది భాగాలు) వెనక ఏడంకెల గుర్తు చదివితే చాలు. మొదటి మూడంకెలు తయారీదారు: 137 అంటే సీటీఎస్, 304 స్టాక్‌పోల్, 134 సెంట్రలాబ్. తర్వాత రెండు సంవత్సరం, చివరి రెండు వారం. రెండు టోన్ పాట్‌లూ 1376635, అంటే సీటీఎస్, 1966లో 35వ వారం. ఆగస్టు చివర. అక్టోబర్ నెక్‌కు బాగా కుదిరింది. అయితే ఒక జాగ్రత్త: ఫెండర్ 1966లో పాట్‌లు గుట్టలుగా కొని పెట్టుకుంది, 1969 దాకా ఆ తేదీవే వాడింది. కాబట్టి పాట్ తేదీ గిటారు అంతకంటే ముందుది కాదని మాత్రమే చెబుతుంది.

వాల్యూమ్ పాట్ చిన్నది, గుర్తేమీ లేనిది. దాని కింది అల్యూమినియం రేకు మీద పాత పాట్ కూర్చున్న గుండ్రటి మచ్చ దీనికంటే పెద్దగా ఉంది. సీసం అతుకులు కూడా మెరుస్తున్నాయి, పక్కవి బూడిదరంగులో ఉన్నాయి. తీగల మోతను పట్టే పికప్‌లను మార్చే స్విచ్ అయిదు స్థానాలది. ఫెండర్ స్ట్రాట్‌కు 1977 దాకా మూడు స్థానాల స్విచ్చే వేసింది, కనక ఇదీ మార్పే. దీన్ని నేను తప్పు పట్టను. మూడు స్థానాల స్విచ్‌ను రెంటి మధ్య ఆపి వాయించడానికి జనం అగ్గిపుల్లలు పెట్టుకున్న రోజులవి. పికప్‌ల గుడ్డ వైర్లు, జాక్ వైపు అతుకులు కదలలేదు.

సాయంత్రానికి రిపోర్టు రాసిచ్చాను. నెక్ ప్లేటు, బ్రిడ్జి పలక, దిమ్మె, శాడిళ్లు, టోన్ పాట్‌లు, జాక్: గిటారుతో వచ్చినవి. ట్యూనింగ్ కీలు, బుష్‌లు, వాల్యూమ్ పాట్, స్విచ్, ట్రెమెలో చెయ్యి, నాలుగు గ్రబ్ స్క్రూలు: తర్వాత చేరినవి. హెడ్‌స్టాక్ రంధ్రాలు పెద్దవి చేసిన సంగతి విడిగా, ఫోటోతో. అన్నిటికంటే ధర తగ్గించేది అదే, ఎందుకంటే మిగతావన్నీ స్క్రూడ్రైవర్‌తో వెనక్కి తేవచ్చు, చెక్కను తేలేం.

"అట్లయితే బయటదేశం నుంచి పాత క్లూసన్లు తెప్పించి వేసేద్దామా అన్నా? అప్పుడు ఒరిజినల్ అయిపోతాది గదా?"

"రంధ్రం 10 మి.మీ.యే ఉంటాది. మళ్లీ ఈ బుష్‌లే పెట్టాల. డబ్బు దండగ. ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఆయనే లెక్క కట్టుకుంటాడు."

మొహం చిన్నబుచ్చుకున్నాడు కానీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోయేటప్పుడు ఒక్క మాట చెప్పాను: ఇంట్లో నాయన సామాన్లలో, డబ్బాల్లో, పూజగది అటక మీద వెతకమని. పాత సామాను పారేసే మనుషులు రాయలసీమలో తక్కువ.

నాలుగో రోజు ఫోన్. నిడో పాలపొడి డబ్బా ఒకటి దొరికిందట, కువైట్ నుంచి వచ్చినదే. బల్ల మీద బోర్లించి ఒక్కొక్కటీ ఫోటో తీసి పంపాడు. మూడు స్థానాల స్విచ్, మీట వంగినది. లావుపాటి పాట్ ఒకటి, ఒక కాలు విరిగినది. వెనక తిప్పి చూపమన్నాను: 1376635. చిన్న గ్రబ్ స్క్రూలు మూడు, తుప్పు పట్టి. నాలుగోది లేదు. క్లూసన్లూ లేవు, షాలర్లూ లేవు.

డబ్బా అడుగున చివరిదొకటి ఉంది, ఇదేందన్నా అని అడిగాడు. సగానికి వంగిపోయిన 1.5 మి.మీ. అలెన్ కీ, పట్టుకోవడానికి వీలుగా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. ట్యూబు మీద సూదితో గీసిన రెండు అక్షరాలు వాళ్ల నాయన పేరువి.